తాళం వేసే చేతిని విడిపించడం: గాయకులకు కూర్చుని చేసే పదాభినయం, ప్రాజెక్టు డైరీ

కర్ణాటక సంగీతం పాడేవాళ్ళ చేత, పాడుతూనే, కూర్చున్న చోటే క్షేత్రయ్య పదానికి (నెమ్మదిగా సాగే శృంగార గీతానికి) అభినయం చేయించాలని ఈ పని మొదలైంది. ఇదే పని ఎవరైనా తలపెడితే మేం పడిన తిప్పలు మళ్ళీ పడకూడదని రాసి పెడుతున్నాను. ఏది పనికొచ్చిందో దానికన్నా ఏది పనికిరాలేదో ఇందులో ఎక్కువ ఉంటుంది.

ముందుగా ఒక సంగతి. ఆటపాటలే వృత్తిగా ఉన్న కలావంతుల స్త్రీల బృందాల్లో, అంటే మేళాల్లో, పదం పాడేదీ అభినయించేదీ ఒక్కరే. కూచిపూడి భామాకలాపంలోనూ సత్యభామ వేషం కట్టినవారే తమ దరువులు, అంటే పాత్ర పాటలు, తామే పాడుకునేవారు. భరతనాట్య కళాకారిణి బాలసరస్వతి అభినయిస్తూ తానే పాడేవారు. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చాక మేళాల ఆట బహిరంగంగా ఆగిపోయింది. గోదావరి జిల్లాల్లో కొన్ని ఇళ్ళలో మాత్రం కూర్చుని పాడుతూ అభినయించే అలవాటు నిలిచింది. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణగారు ఆ కళాకారిణుల దగ్గరికి వెళ్ళి నేర్చుకుని, దాన్ని ఆంధ్రనాట్యంగా మళ్ళీ వేదిక ఎక్కించారు. ఈ రోజు డ్యాన్స్ కచేరీల్లో పాట ఒకరిది, ఆట మరొకరిది. కాబట్టి ఇప్పుడు క్లాసుల్లో నేర్పే అభినయం చాలావరకు పాట కోసం ఊపిరి ఖర్చు పెట్టక్కరలేని శరీరానికి కుదిరిన అభినయం. దాన్ని తెచ్చి గాయకుల మీద పెడితే ఏమవుతుందో రెండో దశలో చూడండి.

సరంజామా

కాకినాడలో ఓ మేడ మీద గది, 12 × 14 అడుగులు. ఐదుగురు గాయకులు: నలుగురు ఆడవాళ్ళు, ఒకరు మగ. అందరూ కచేరీలు చేసినవాళ్ళే, ఎవరికీ నాట్యం రాదు. ఒక మృదంగం. ఫోన్, తంబురా యాప్, శ్రుతి చూపించే ట్యూనర్ యాప్.

కొన్నవి: ట్రైపాడ్ 650, నేల మీద గుర్తులకు రంగు టేపు 90, నిలువుటద్దం అద్దె 400.
మొత్తం ఖర్చు: రూ. 1,140.

మొదటి దశ: పదం, పాఠం

ఎంచుకున్నది మోహన రాగంలో "మగువ తన కేళికా మందిరము వెడలెన్". తెల్లవారుతుండగా పడకటింటి నుంచి బయటికొస్తున్న ఆమెను చూసి చెప్పే పదం. చేతికి పని ఎక్కువ, కథ తక్కువ. పైగా మాటలు దాదాపు ఐదేసి మాత్రలుగా (తాళం లెక్కలో చిన్న కాలపు కొలతలుగా) విరుగుతాయి: మగువ తన / కేళికా / మందిరము / వెడలెన్. ఏ సైగ ఎక్కడ పడిందో లెక్క పెట్టడం సులువు.

పని చేసిన మొదటి చరణం ఇది:

విడజారు గొజ్జంగి విరిదండ జడతోను
కడు చిక్కుబడి పెనగు కంటసరితోను
నిడుదకన్నుల దేరు నిదుర మబ్బుతోను
తొడరి పదయుగమున దడబడెడు నడతోను

పాడకుండా, వచనంలా చదవమన్నాను. ఐదుగురూ రాగం లేకుండా చదవలేకపోయారు. "గొజ్జంగి" దగ్గర అందరూ తడుముకున్నారు. అది పువ్వు పేరని కొందరికి తెలియదు, కొన్నేళ్ళుగా పాడుతున్నా సరే. ఇక అసలు ప్రశ్న: ఈ మాటలు ఎవరివి? చూస్తున్న చెలివి, వస్తున్న మగువవి కావు. ఇది తేల్చుకోకుండా చెయ్యి ఎత్తితే సగం పాదంలో చెలి, సగంలో మగువ అయిపోతారు. మేం నిర్ణయించుకున్నది: మూడు పాదాలూ చెలిగా చూడాలి, నాలుగో పాదంలో మాత్రం తడబడే ఆమెగా మారాలి. ఆమె తలుపు ఎక్కడుందో నేల మీద ఎర్ర టేపుతో గుర్తు పెట్టాం, గాయకుడికి ఎడమ ముందు వైపు, రెండు మీటర్ల దూరంలో.

క్రమం:
1. పదంలోని మాటలు గట్టిగా చదవాలి, అర్థం తమ మాటల్లో చెప్పాలి.
2. తలుపు గుర్తు వైపు చూస్తూ మళ్ళీ చదవాలి.
3. తంబురా పెట్టి, మనసులో పాడుకుంటూ చూపు మాత్రమే నడపాలి.
4. ఆ తర్వాతే గొంతు.

రెండో దశ: హస్తాల జాబితా (మానేశాం)

నందికేశ్వరుడి నాట్య గ్రంథం అభినయదర్పణంలో అసంయుత హస్తాలు, అంటే ఒంటిచేతి ముద్రలు, 28. అన్నీ వరసగా నేర్పాను. నాట్యం నేర్చుకునే పిల్లలకు అది బాగానే ఉంటుంది. గాయకులకు మాత్రం వేళ్ళు బిగిశాయి, వేళ్ళతోపాటు దవడలూ బిగిశాయి. త్రిపతాకంలో ఉంగరం వేలు వంచుతూ ఒకావిడ గాంధారం మీద గమకమే (స్వరాన్ని ఊపడమే) మర్చిపోయారు.

ఆ తర్వాత మాటకో ముద్ర పెట్టి మొదటి పాదం కట్టాను: జారడం, పువ్వు, దండ, జడ, వీటి మధ్య అతుకులు. లెక్కేస్తే పాదానికి ఎనిమిది కదలికలు. మేం పాడే వేగం నిమిషానికి 66 మాత్రలు, 20 మాత్రల పాదానికి సుమారు 18 సెకన్లు. అంటే రెండు సెకన్లు దాటీ దాటగానే మరో ముద్ర. వీడియోలో చూస్తే ట్రాఫిక్ కానిస్టేబుల్‌లా ఉంది. మాట పలికే లోపే దాని ముద్ర అయిపోతోంది, పాట ఇంకా అక్కడే సాగుతోంది. పదం పాడే తీరే మాటను సాగదీసి నిలబెట్టడం కదా, చెయ్యి మాత్రం డిక్షనరీ తిప్పుతోంది.

మార్చింది:
1. ఆరు హస్తాలే ఉంచాం: పతాకం, కటకాముఖం, హంసాస్యం, అలపద్మం, సూచి, చంద్రకళ.
2. పాదానికి రెండే కదలికలు. మిగిలినదంతా చూపు.
3. అద్దం తిరిగి ఇచ్చేశాం. అద్దం ఉన్నంతసేపూ తలుపు వైపు చూడాల్సిన కళ్ళు తమ మొహం మీదే ఉన్నాయి.

మొదటి పాదంలో "విరిదండ" దగ్గర కటకాముఖం (బొటనవేలితో చూపుడు, మధ్య వేళ్ళు కలిపి), "జడతోను" దగ్గర ఆ చెయ్యే భుజం పక్కగా కిందికి జారడం. అంతే. రెండో పాదంలో కటకాముఖమే మెడ దగ్గరికి వస్తుంది. హారం పట్టుకోవడానికి ఆ హస్తాన్ని శాస్త్రమే చెప్పింది, కొత్తగా వెతకక్కరలేదు.

కదలికల లెక్క: చరణం మొత్తానికి 32 నుంచి 8.

మూడో దశ: తాళం చెయ్యి

ఈ ప్రాజెక్టులో ఎక్కువ సమయం తిన్నది ఇదే. గాయకుల కుడి చెయ్యి ఖాళీగా ఉండదు, తొడ మీద తాళం వేస్తూ ఉంటుంది. ఆ చెయ్యి తీస్తే పాట కాళ్ళ కింద నేల పోతుంది. పుస్తకాల్లో దీని ఊసు కనిపించదు, ఎందుకంటే నాట్యం చేసేవాళ్ళకు ఈ సమస్యే లేదు.

చేసి చూసినవి:

ఎడమ చేత్తో తాళం, కుడి చేత్తో అభినయం. కుడి చెయ్యి కదలగానే ఎడమ చెయ్యి తాళం మానేసి దాన్ని అనుసరించింది. ఇద్దరికి తాళం పూర్తిగా తప్పింది.

తాళం మృదంగానికి వదిలేయడం. 66తో ఎత్తుకున్న పాట చరణం చివరికి 74కి పోయింది. కదలిక ముందే పూర్తయిపోతోంది, గొంతు దాని వెంట పరిగెడుతోంది, పదంలో మృదంగం గొంతు వెంటే వస్తుంది కాబట్టి ఆయనా పరిగెట్టారు. "నన్ను పట్టుకోమంటారా, పాటను పట్టుకోమంటారా?" అని అడిగారాయన. న్యాయమైన ప్రశ్న.

చెవిలో మెట్రోనోమ్. వేగం నిలిచింది, పాట చచ్చింది. ఆ ఆడియో తీసేశాను.

అప్పుడు మళ్ళీ అభినయదర్పణం దగ్గరికే వెళ్ళాం. అందరికీ నోటికొచ్చిన శ్లోకమే: గీతాన్ని కంఠంతో ఆలంబించాలి, "హస్తేనార్థం ప్రదర్శయేత్, చక్షుర్భ్యాం దర్శయేద్భావం, పాదాభ్యాం తాలమాచరేత్". పాట, అర్థం, భావం, తాళం నాలుగూ నందికేశ్వరుడు ఒకే శరీరానికి పంచాడు, తాళం మాత్రం పాదాలకిచ్చాడు. ఆట మొదలుపెట్టే ముందు ప్రార్థనలా చదివి వదిలేసే ఈ శ్లోకం గాయకులకు సూటిగా పనికొచ్చే సూచన. (ఈ గ్రంథాన్ని 1917లో ఆనంద కుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చింది మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. చీరాల పేరాల ఉద్యమం గుర్తున్నంతగా ఆయన చేసిన ఈ పని మనవాళ్ళకు గుర్తులేదు.)

చిక్కేమిటంటే బాసింపట్టు వేసుకుని కూర్చుంటే పాదాలు తొడల కింద ఇరుక్కుంటాయి. అందుకని ఆసనం మార్చాం.

1. 15 సెం.మీ. ఎత్తు పీట. వడ్రంగి చేత ఐదు చేయించాం. ముందు 25 సెం.మీ.తో ఒకటి చేయిస్తే కుర్చీలో కూర్చున్నట్టే ఉంది, పొట్ట దగ్గర ఊపిరి బిగుసుకుంది. దాన్నే కోయించాం.
2. ఎడమ కాలు మడిచి, కుడి పాదం ముందుకు, మడమ నేల మీద ఆనించి.
3. తాళం కుడి బొటనవేలితో. మొదట తక / తకిట అని ఐదు మాత్రలకు రెండు దెబ్బలు వేయించాను. మోకాలు ఊగింది, పీట చప్పుడు రికార్డింగ్‌లో పడింది. ఐదింటికి ఒకే దెబ్బ చేశాం, అదీ మొదటి మాత్ర మీద.
4. పీట కింద దుప్పటి మడత.
5. ముందు చేతితో, వేలితో కలిపి తాళం. తర్వాత చెయ్యి తొడ మీద కదలకుండా ఉంచి వేలితోనే. ఆ తర్వాత చెయ్యి పైకి.

ఐదో మెట్టు తొందరపడితే కుదరదు. చెయ్యి తొడ మీద ఊరికే పడి ఉండడం నేర్చుకోవడమే గాయకులకు కష్టమైన అభినయం. ఒకావిడ, "చెయ్యి ఊరికే ఉంటే నేనేదో మర్చిపోయినట్టు టెన్షన్‌గా ఉంటుందక్కా" అంది. మా మగ గాయకుడికి ఇది అందరికన్నా ముందు వచ్చింది. చిన్నప్పుడు హార్మోనియం తొక్కుడు పెట్టె నడిపిన కాలు ఆయనది.

వేగం లెక్క: చరణం చివర 74 ఉన్నది 69కి తగ్గింది.
మొత్తం ఖర్చు: 1,140 + పీటలు 1,900 = రూ. 3,040.

నాలుగో దశ: చెయ్యి ఎంత ఎత్తు?

ఒక చిన్న పరీక్ష. పంచమం నిలబెట్టి పాడుతూ చెయ్యిని నాలుగు చోట్ల ఉంచాలి: ఒడి, రొమ్ము, భుజం, తల పైన. గమకం ఉన్న స్వరం వద్దు, యాప్ సూది ఊగుతుంది, ఏమీ తెలియదు.

ఒడిలోనూ రొమ్ము దగ్గరా తేడా లేదు. భుజం దగ్గర ముగ్గురికి ఊపిరి కొంచెం తగ్గింది. తల పైకి ఎత్తితే ఇద్దరికి శ్రుతి 15 నుంచి 20 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) పైకి లేచింది. మిగతావాళ్ళకు శ్రుతి నిలిచింది కాని, 11 సెకన్లు నిలిచే స్వరం 8కి పడిపోయింది. పక్కటెముకలు ఎత్తిన చేతితోపాటు లేచి అక్కడే ఉండిపోతున్నాయి. ఇవి మా ఐదుగురి కొలతలే. మీవాళ్ళను మీరు కొలుచుకోండి.

నియమం: పాడుతున్నప్పుడు చెయ్యి ఒడికీ భుజానికీ మధ్యనే. భుజం దాటాల్సి వస్తే ఊపిరి తీసుకునే విరామంలో ఎత్తి, పలుకు మొదలయ్యే లోపు దించేయాలి. మోచెయ్యి ఒంటికి అతుక్కోకూడదు, ఒక పిడికిలి పట్టే సందు ఉండాలి.

ఐదో దశ: చెయ్యి ముందు, మాట వెనక

ఫోన్ సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. చెయ్యి కదలడం మొదలైన ఫ్రేముకూ మాటలో మొదటి అచ్చు వినిపించే ఫ్రేముకూ మధ్య ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాం. ఐదుగురి చెయ్యీ మాటకన్నా 10, 15 ఫ్రేములు వెనకే. తాము పాడింది తాము విని, అప్పుడు చూపిస్తున్నారు. చూసేవాళ్ళకు అది బొమ్మ గీసి కింద పేరు రాసినట్టు కాదు, పేరు రాసి తర్వాత బొమ్మ గీసినట్టు ఉంటుంది.

కోనసీమలో ఒక పెద్దావిడ దగ్గర నేను కొన్ని పదాలు విన్నాను. ఆవిడ చేతిని చూస్తే రాబోయే మాట తెలిసిపోయేది. "చూపు వెళ్ళాక చెయ్యి వెళ్ళాలమ్మా, మాట దాని మీద వచ్చి కూర్చోవాలి" అనేవారు. మా లెక్కలో ఒక మాత్ర అంటే 0.9 సెకను, 27 ఫ్రేములు. అదే గురిగా పెట్టుకున్నాం.

1. మాటకు రెండు మాత్రల ముందు చూపు కదలాలి.
2. ఒక మాత్ర ముందు చెయ్యి బయల్దేరాలి.
3. మాటలో బరువున్న అక్షరం మీద చెయ్యి ఆగాలి: "విరిదండ"లో "దం", "కంటసరి"లో "కం".
4. పలుకు సాగినంతసేపూ చెయ్యి అక్కడే ఉండాలి. వెనక్కి తేకూడదు.

నాలుగోదే గెలవనివ్వలేదు. చూపించిన చెయ్యిని వెంటనే తొడ మీదికి తెచ్చేసుకోవడం అలవాటు, అక్కడ తాళం పిలుస్తోంది కదా. దీనికి మందు: ఆ చేతిలో నిజంగానే పూలదండ పట్టించాం. మల్లెదండ నలిగిపోతుందని చెయ్యి విసరడం మానేశారు. నాలుగైదు సార్లు పాడాక దండ తీసేసినా చెయ్యి నెమ్మదిగానే ఉంది.

ఆరో దశ: నవ్వు, నిద్ర, "తోను"

నాలుగు పాదాలూ "తోను"తోనే ముగుస్తాయి. చెలి కదా, ఆమెను చూసి ముసిముసిగా నవ్వుతుంది కదా అని పెదవుల మీద నవ్వు పెట్టించాను. పెదవులు సాగగానే "తో" గుండ్రతనం పోయింది, "తౌ"కీ "త"కీ మధ్య ఏదో అయింది. నాట్యం చేసేవాళ్ళకు పెదవులు ఖాళీ, గాయకులకు కావు. నవ్వును "జడ", "సరి", "మబ్బు", "నడ" మీద ముగించి, "తోను" వచ్చేసరికి పెదవులు అచ్చుకు వదిలేసి కళ్ళలోనే ఉంచమన్నాను. రికార్డింగ్ వింటే నవ్వు ఇంకా వినిపిస్తోంది, అచ్చు కూడా నిలిచింది.

"నిదుర మబ్బు" దగ్గర నిమీలిత దృష్టి, అంటే సగం వాల్చిన కన్ను. రెప్ప వాలగానే గొంతూ వాలింది, వేగం 66 నుంచి 61కి దిగింది. ఒకరిద్దరికి కాదు, అందరికీ. "నిద్ర ఆమెకి, మీకు కాదు" అని చెప్పి చూశాను, నవ్వారు, గొంతు మళ్ళీ వాలింది. చివరికి పని చేసింది బొటనవేలే. ఆ పాదంలో మాత్రం వేలు దెబ్బ కొంచెం గట్టిగా, మడమ నేలకు నొక్కి.

నాలుగో పాదంలో తడబడే నడక. కూర్చున్నవాళ్ళకు నడక ఎక్కడిది? నడుము ఊపితే పీట కదులుతోంది. భుజాలు ఒకదాని తర్వాత ఒకటి కాస్త వదులు చేసి, తలుపు గుర్తు నుంచి తమ ఒడి దాకా చూపును రెండు చోట్ల ఆపుతూ తెచ్చుకోవాలి. అదే నడక. ఇంతకన్నా తక్కువతో అవుతుందేమో ఇంకా చూస్తున్నాం.

ఏడో దశ: తల, మెడ, మైకు

శిరోభేదాలు, అంటే తల కదలికలు, తొమ్మిదిలో పాడుతూ వాడగలిగినవి మాకు మూడే తేలాయి: సమం (కదలని తల), కొద్దిపాటి అధోముఖం (తల దించడం), పరావృత్తం (తల పక్కకు తిప్పడం). గడ్డం పైకెత్తేవి గొంతుకు పడవు. గ్రీవాభేదాలు, అంటే మెడ కదలికలు, నాలుగూ పక్కన పెట్టాం. తల తిప్పితే స్టాండు మైకుకు గొంతు దూరమవుతోంది, కాలర్ మైకు 850 పెట్టి కొన్నాం.

మొత్తం ఖర్చు: 3,040 + 850 = రూ. 3,890.

ఎనిమిదో దశ: విదియ చందురులు

రెండో చరణంలో "విదియ చందురులతోను" అని వస్తుంది. రొమ్ము మీద గోటి గుర్తులు విదియనాటి నెలవంకల్లా ఉన్నాయని. ఆ పాదం దగ్గర ఇద్దరు గొంతు తగ్గించి మింగేశారు. ఒకరు ఆ చరణమే వదిలేద్దామన్నారు. వదలొద్దని నా పట్టుదల. మూడు పాదాలుగా కళ్ళూ సువాసనా పెదవులూ చూసుకుంటూ వచ్చిన చెలి ఆఖరికి చూసేది అదే. చరణం కట్టిన తీరే అది.

చెయ్యి ఒంటి మీదికి తేవద్దనుకున్నాం. చంద్రకళ హస్తం కుడి పక్కన, భుజం ఎత్తులో, ఆకాశంలో నెలవంకను చూపినట్టు. చూపు ముందు ఆ చేతి మీద, తర్వాత తలుపు దగ్గరి మనిషి మీద, వెంటనే ఒడిలోకి. చెప్పకూడనిది చూసేసిన చెలి సిగ్గు అది, పాడేవాళ్ళ మొహమాటం కాదు. ఈ తేడా చేతికి వచ్చాక గొంతు తగ్గలేదు.

రాసుకునే పద్ధతి

వీడియో చూసి నేర్చుకుంటే నా చేతికి నకలు తయారవుతోంది, అందుకని కాగితం. 1806లో లండన్‌లో అచ్చయిన, ప్రసంగాల్లో చేతుల కదలికల గురించి గిల్బర్ట్ ఆస్టిన్ రాసిన కైరోనోమియా అనే పుస్తకంలో పద్యం పంక్తి పైన అక్షరాలు పెట్టి చెయ్యి ఎత్తు, దిక్కు రాసే పద్ధతి ఉంది. యూరప్‌లో పాత ఒపెరాలు పాడేవాళ్ళు ఇలాంటి పుస్తకాలతోనే చేతులు నేర్చుకుంటున్నారు. అందులోంచి ఆలోచన తీసుకుని తెలుగు అక్షరాలు పెట్టాం.

ఒ = ఒడి, రొ = రొమ్ము, భు = భుజం. కు, ఎ = కుడి, ఎడమ చెయ్యి. చూ = చూపు బయల్దేరే చోటు. గీత = చెయ్యి నిలిచే మేర.

ఉదాహరణకు రెండో పాదం: "పెనగు" పైన చూ, "కం" పైన కు–రొ కటకాముఖం, అక్కడి నుంచి "తోను" దాకా గీత. హస్తం పేరు తప్ప ఇంకేమీ రాయం. వేళ్ళ వంపు ఎవరిది వారిదే. ఒకే కాగితం చూసి ఐదుగురూ చేస్తే ఐదు రకాలుగా వచ్చింది, అలాగే రావాలి.

ఇప్పటి లెక్క

పాడుతూ అభినయించగలిగినవి: పల్లవి, రెండు చరణాలు.
కదలికలు: మొదటి చరణంలో 8, రెండో చరణంలో 7.
వేగం: 66తో ఎత్తుకుంటే చరణం చివరికి 68. "నిదుర మబ్బు" దగ్గర 64.
చెయ్యి ముందుండడం: నలుగురికి 20 నుంచి 27 ఫ్రేములు. ఒకరికి ఇంకా మాటతో సమంగానే.
ఖర్చు: రూ. 3,890.

మూడో చరణంలో చెలికత్తెలు రెండు పక్కలా కైదండ (చేయూత) ఇచ్చే మాట వస్తుంది. ఇంతవరకు కుడి చెయ్యి ఒక్కటే కదిలింది, అక్కడ రెండూ కావాలి. రెండు చేతులూ ఒకేసారి లేస్తే ఊపిరి ఏమవుతుందో పంచమం పరీక్ష మళ్ళీ పెట్టి, కొలిచాకే కడతాం.